అంగారకుడి గుంటలు లెక్కపెడుతున్న చిన్నీకి

చిరంజీవి చిన్నీకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. అంగారకుడి మీద క్రేటర్లు, అంటే ఆకాశం నుంచి రాళ్ళు పడి ఏర్పడ్డ గుంటలు గుర్తించే పనిలో వలంటీరుగా చేరానని ఒక్క వాక్యం, మిగతాదంతా టెన్షనే. "ఇది క్రేటరో కాదో తేలక ఒక్కో ఫొటో ముందు పావుగంట కూర్చుంటున్నాను. నేను తప్పు గీస్తే శాస్త్రవేత్తల లెక్క పాడైపోదా?" అన్నావు. ఈ పనిలో పాతకాపుని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని ఇలా రాస్తున్నాను.

నువ్వు గీసే ఒక్క గీత మీద ఏ లెక్కా ఆధారపడి ఉండదు. ఒకే ఫొటోని చాలామందికి చూపిస్తారు. ఎవరు గీసిన వృత్తాలు వాళ్ళవి. తర్వాత కంప్యూటర్ వాటన్నిటినీ ఒకదానిమీద ఒకటి వేసి, ఎక్కువమంది ఒకేచోట గీస్తే దాన్ని క్రేటర్‌గా తీసుకుంటుంది. 2000లో నాసా ఏమ్స్ కేంద్రం వాళ్ళు 'క్లిక్‌వర్కర్స్' అని మొదలుపెట్టినప్పుడూ ఇదే పద్ధతి. నాసా అంగారకుడికి పంపిన వైకింగ్ నౌకలు కక్ష్యలోంచి తీసిన ఫొటోలిచ్చి మామూలు జనం చేత గీయించారు. నదీన్ బార్లో అనే శాస్త్రవేత్త అంతకుముందే 5 కిలోమీటర్లకు పైబడిన 42,283 క్రేటర్లతో ఒక జాబితా తయారుచేసి ఉన్నారు. జనం గీతల్ని దానితో పోల్చి చూస్తే, విడివిడిగా అటూ ఇటూ ఉన్నా కలిపేసరికి బాగానే సరిపోయాయి.

ఇంకోటి కూడా విను. నిపుణులందరూ ఒకే లెక్క చెబుతారని అనుకుంటున్నావేమో. చంద్రుడి ఫొటోలతో ఎనిమిది మంది నిపుణులనీ, వేలమంది వలంటీర్లనీ పోల్చిన పరిశోధన ఒకటి 2014లో 'ఇకారస్' పత్రికలో వచ్చింది. ఏళ్ళ తరబడి ఇదే పనిలో ఉన్నవాళ్ళ మధ్యే చెప్పుకోదగ్గ తేడాలు కనిపించాయి. వలంటీర్లందరి గుర్తులూ కలిపి తీసిన లెక్క ఆ నిపుణుల లెక్కలకు దీటుగా నిలబడింది. కాబట్టి నీకు సందేహం రావడంలో వింతేమీ లేదు. పావుగంట కూర్చోకు. అర నిమిషం చూడు, క్రేటరే అనిపిస్తే గీయి, లేదనిపిస్తే వదిలెయ్.

అలాగని ఎలా గీసినా చెల్లుతుందని కాదు. ఒకరు కాస్త ఎడమకీ, ఇంకొకరు కాస్త కుడికీ గీస్తే కలిపినప్పుడు సర్దుకుంటుంది. అందరం ఒకేవైపు తప్పితే మాత్రం లక్షమంది ఉన్నా సర్దుకోదు. నువ్వు జాగ్రత్తపడాల్సింది ఆ రకం పొరపాట్ల గురించే. నేను చెప్పబోయేవన్నీ దాదాపు అవే.

అన్నిటికన్నా ముందు వృత్తం సైజు. క్రేటర్‌కి ఎత్తైన గట్టు ఉంటుంది. ఆ గట్టు శిఖరం మీదుగా నీ గీత పోవాలి. కొత్తవాళ్ళు చాలామంది బయటికి చిమ్మిన మట్టిని కూడా కలిపేసుకుని పెద్దగా గీస్తారు. కొందరు లోపలి నీడ వరకే గీసి ఊరుకుంటారు. కాస్త తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తుంది కానీ అవుతుంది. సైజు తగ్గేకొద్దీ క్రేటర్ల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. వ్యాసం సగానికి తగ్గితే, అంతకు పైబడినవాటి సంఖ్య నాలుగు రెట్లో, చిన్నవాటిలోనైతే ఎనిమిది రెట్లో అవుతుంది. అందుకే అందరం ప్రతి వృత్తాన్నీ పదో వంతు పెద్దగా గీశామనుకో, 'ఒక కిలోమీటరుకు పైబడినవి ఎన్ని' అన్న లెక్క 20 నుంచి 30 శాతం దాకా ఉబ్బిపోతుంది.

ఉబ్బితే ఏం నష్టం అంటావా? ఆ లెక్కతోనే నేల వయసు కడతారు. ఒక నేల ఎంత కాలం ఆకాశం కింద పడి ఉంటే అంత ఎక్కువ దెబ్బలు తింటుంది, గుంటలు ఎక్కువుంటే పాతది. అయితే ఎన్ని గుంటలకు ఎన్ని కోట్ల ఏళ్ళు? అది చంద్రుడి దగ్గర తేలింది. 1969 నుంచి 1972 దాకా అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్ళ వయసు ల్యాబుల్లో కొలిచారు, ఆ రాళ్ళు దొరికిన చోట్ల క్రేటర్లు లెక్కపెట్టారు, రెండిటికీ ముడి వేశారు. ఆ లెక్కనే అంగారకుడికి తగ్గట్టు సవరించి వాడుతున్నారు. అక్కడి ఫలానా చోటు నుంచి అని తెలిసి భూమికి తెచ్చుకున్న రాయి ఇప్పటికీ ఒక్కటి కూడా లేదు. భూమ్మీద దొరికిన అంగారక ఉల్కలు ఉన్నాయిగానీ అవి ఏ ఊరివో చెప్పవు. అంచేత అక్కడ ఏ లావా మైదానం ఎప్పటిది అన్న ప్రశ్నకు చాలా చోట్ల ఇలా గీసి పెట్టిన వృత్తాల లెక్కే ఆధారం.

రెండోది వెలుగు. ఫొటో తెరవగానే క్రేటర్లు వెతకడం మొదలుపెట్టకు. సూర్యుడు ఏ వైపున ఉన్నాడో ముందు తేల్చుకో. ఎడమ నుంచి వెలుగు పడుతుంటే గుంట లోపలి ఎడమ గోడ నీడలో ఉంటుంది, కుడి గోడ మెరుస్తుంది. గుట్టకైతే ఇది తారుమారు. మన మెదడుకి వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందన్న నమ్మకం ఒకటుంది. అందుకే కింద నుంచి వెలుగు పడిన ఫొటోలో గుంటలన్నీ బోర్లించిన గిన్నెల్లా కనిపిస్తాయి. అలా అయినప్పుడు ఫొటోని తిప్పి చూడు, లేదా ఎవరూ కాదనలేని పెద్ద క్రేటర్ ఒకటి చూసుకుని దాని నీడని బట్టి మిగతావి చూడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు తీసిన ఫొటోల్లో నీడలుండవు, చిన్న గుంటలు కనపడవు. అదే నేల మీద ఏటవాలు వెలుగులో తీస్తే బోలెడు బయటపడతాయి. నడినెత్తి ఫొటోలో తక్కువ దొరికాయని ఊహించి గీయకు. ఫొటో ఏ వెలుగులో తీశారో శాస్త్రవేత్తలకు తెలుసు, వాళ్ళు చూసుకుంటారు.

మూడోది, నాకు కోపం తెప్పించేది: పాయింట్ల పిచ్చి. ఎక్కువ గీసినవాళ్ళ పేరు పైన వేసే పట్టిక ఎక్కడైనా కనపడితే దాన్ని చూడటం మానెయ్. ఆ పట్టిక కోసం పరిగెత్తేవాళ్ళు స్పష్టంగా కనిపించేవి మాత్రమే గీసి ముందుకు పోతారు. గట్టు అరిగిపోయి, సగం ఇసుకలో పూడిపోయి, లీలగా వలయంలా మిగిలినవి వదిలేస్తారు. అందరం పాతవాటిని వదిలేస్తే నేల ఉన్నదానికన్నా కుర్రదానిలా తేలుతుంది. దీనికి తోడు ఖాళీ ఫొటో వస్తే కొందరికి చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి గీయకపోతే పని చేసినట్టు ఉండదు. చిన్నీ, ఏమీ లేని ఫొటోకి 'ఏమీ లేదు' అని నొక్కడం కూడా లెక్కే. అంగారకుడి దక్షిణార్ధం గుంటలమయం, ఉత్తరాన చాలా భాగం నున్నటి మైదానాలు. ఖాళీలని ఖాళీలుగా రాయకపోతే ఆ తేడా లెక్కలో కనపడదు.

క్రేటర్‌లా కనిపించి క్రేటర్ కానివి కొన్ని ఉంటాయి. అంగారకుడి మీది థార్సిస్ అనే ప్రాంతపు అగ్నిపర్వతాల చుట్టుపక్కల నేల కుంగిపోయి ఏర్పడిన గుంటలు పగుళ్ళ వెంట వరసలో ఉంటాయి, వాటికి ఎత్తైన గట్టు ఉండదు. గట్టు లేకుండా, వరసగా ఉంటే అనుమానించు. ఇక పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఎగిరిపడిన రాళ్ళు చేసే గుంటలు వేరే తలనొప్పి. అవి గుంపులుగా, గొలుసులుగా, కాస్త సాగినట్టు ఉంటాయి. జూనిల్ అనే క్రేటర్ వ్యాసం 10 కిలోమీటర్లే, కానీ అది విసిరిన రాళ్ళ వల్ల 10 నుంచి 200 మీటర్ల సైజు గుంటలు కోటి దాకా ఏర్పడ్డాయని 2005లో అంచనా కట్టారు. వీటిని ఆకాశం నుంచి నేరుగా పడ్డవాటితో కలిపేస్తే వయసు లెక్క తప్పుతుంది. వీటిని ఏరేయాలా వద్దా అన్న తీర్పు మాత్రం నువ్వు ఇవ్వకు. ట్యుటోరియల్‌లో గీయమంటే గీయి, వేరే గుర్తు పెట్టమంటే పెట్టు. ప్రాజెక్టుకో రూలు ఉంటుంది. ఫొటో అంచున సగం తెగిన క్రేటర్లకైనా, ఇంతకన్నా చిన్నవి వద్దు అన్న హద్దుకైనా ఇదే మాట. కొన్నాళ్ళు మానేసి మళ్ళీ కూర్చున్నప్పుడు ట్యుటోరియల్ ఇంకోసారి చూడు, నామోషీ ఏం లేదు.

కూర్చునే పద్ధతి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫోన్లో కాకుండా పెద్ద తెర మీద చెయ్. జూమ్ ఒకటి పెట్టుకున్నాక మాటిమాటికీ మార్చకు. ఒక ఫొటోలో జూమ్ చేసి వెతికి, ఇంకో దాంట్లో పైపైన చూస్తే నీ లెక్కలు నీకే సరిపోవు. కళ్ళు అలిసినప్పుడు ముందు జారిపోయేవి చిన్న గుంటలే, అవే లెక్కకి ఎక్కువ. అందుకని అలసట తెలిసేలోపే లేచిపో.

ఇప్పుడు కంప్యూటర్లే కనిపెట్టేస్తున్నాయి కదా, మనమెందుకు అన్నావు. 2020లో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ వాళ్ళ ప్రోగ్రామ్ ఒకటి అంగారకుడి మీద నాక్టిస్ ఫోసే అనే చోట కొత్త గుంటల గుంపు ఒకటి పట్టుకుంది, అన్నిటికన్నా పెద్దది 4 మీటర్లు. నిజమే, గొప్ప పని. కానీ దానికి నేర్పడానికి 6,830 ఫొటోలు వాడారు. వాటిలో ఏది కొత్త గుంట, ఏది కాదు అని ముందు చెప్పింది మనుషులే. అది చూపించిన చోటుని అంగారకుడి చుట్టూ తిరిగే నౌకలోని హైరైజ్ అనే కెమెరా ఫొటోతో సరిచూసుకున్నదీ మనుషులే. స్టువార్ట్ రాబిన్స్, బ్రయన్ హైనెక్ అనే శాస్త్రవేత్తలు 2012లో ప్రకటించిన అంగారకుడి జాబితాలో ఒక కిలోమీటరు, అంతకు పైబడిన క్రేటర్లు 3,84,343 ఉన్నాయి. అంతకన్నా చిన్నవాటి జోలికి పోతే చేతిలో ఉన్న మనుషులు చాలరు, కంప్యూటర్లు కావాలి; వాటికి నేర్పడానికీ, సరిచూడటానికీ మళ్ళీ మనుషులే కావాలి.

అన్నట్టు, నువ్వు పంపిన ఆ కన్నీటి చుక్క ఆకారం సంగతి. ఒక చివర గుండ్రటి గుంట, వెనక తోకలా మట్టిదిబ్బ, దాన్ని ఎలా గీయాలని అడిగావు. అంగారకుడి మీద ఏరీస్ వాలిస్ అనే పాత వరద కాలువ ముఖద్వారం దగ్గర ఇలాంటివి వైకింగ్ ఫొటోల్లోనే కనిపించాయి. వందల కోట్ల ఏళ్ళ క్రితం అక్కడ పెద్ద వరద పారింది. క్రేటర్ గట్టు అడ్డుపడటంతో నీళ్ళు రెండుగా చీలి పక్కలకు పోయాయి, గట్టు చాటున ఉన్న నేల కోసుకుపోకుండా తోకలా మిగిలింది. అంటే ఆ గుంట వరదకన్నా ముందుది. నువ్వు గట్టు వరకే వృత్తం గీయి, తోకని వదిలెయ్. కామెంట్ పెట్టె ఉంటే 'వరద దిబ్బ కావచ్చు' అని ఒక ముక్క రాసి తర్వాతి ఫొటోకి వెళ్ళు.

మీ పెద్దమ్మ