బిడ్డా, నౌకరి చెయ్యి గాని దాచిపెట్టకు

బిడ్డా,

మీ బాపు నిన్న ఫోన్ చేసి, ఎల్‌ఎల్‌బీ చదివిన పిల్ల మాదాపూర్‌ల కంప్యూటర్ ముంగట కూసునుడేందని ఒక్కటే బాధ, నాకేమో నవ్వొచ్చింది, నేను గూడ లా చదివి నాలుగేండ్లు మిర్యాలగూడ రైస్‌మిల్లుల లెక్కలు రాసినోన్నే గద. మనింట్ల వకీళ్లెవ్వరు లేరు, సీనియర్ దగ్గర చేరితే మొదట్ల బస్సు పైసలకే తిప్పలు, మరి ఏం తిని బతకాలె?

కాకపోతే ఒక్కటి. ఫుల్ టైమ్ జీతం తీసుకుంట నల్లకోటు గూడ వేసుకుంటనంటే వకీళ్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ 49వ రూల్ ఒప్పుకోదు. ఇప్పటికే వకీలుగ పేరు ఎక్కించుకుని ఎన్‌రోల్ అయితే నౌకరి సంగతి బార్ కౌన్సిల్‌కు రాసిచ్చి ప్రాక్టీస్ ఆపు. కాకుంటే ఆగమాగం కాకు, 45 ఏండ్లు దాటినోళ్లను వకీళ్లుగ చేర్చుకోవద్దన్న రూల్‌నే సుప్రీంకోర్టు 1995ల కొట్టేసింది, నీకేం వయసయిందని. జడ్జి పరీక్ష మీద మనసుంటే మాత్రం లెక్క వేరే, 2025 మే తీర్పుతోటి మూడేండ్ల ప్రాక్టీస్ తప్పనిసరి అయింది, నీ కంపెనీ ఏండ్లు అందుల కలవవు.

మిల్లుల ఏం నేర్చినవంటవా. ఒకసారి ఒక వ్యాపారి చెక్కు బౌన్స్ అయింది, చెక్కు వాపస్ వచ్చిందని బ్యాంకు ఇచ్చే మెమో నా సొరుగుల్నే పడి ఉన్నది, లోడింగ్ గడబిడల నేను చూడలే. చూసేసరికి నోటీసిచ్చే 30 రోజులు దాటినయి, మళ్ల బ్యాంకుల వేద్దామంటే చెక్కు గడువే అయిపోయింది, చెక్కు బౌన్స్ మీద వేసే 138 సెక్షన్ కేసు వెయ్యకుండనే పోయె. ఆ రోజు సంది మెమో చేతికి రాంగనే దాని మీద ఆఖరు తారీఖు ఎర్రపెన్నుతోటి రాస్త, ఇప్పటికీ గదే అలవాటు. నల్గొండల నేను ఆఫీసు తెరిచినంక మొదటి ఫైళ్లు తెచ్చింది గూడ ఆ మిల్లు సేట్లే, తిట్టుకుంటనే తెచ్చిండ్రు అనుకో.

అందుకే మీ కంపెనీల అగ్రిమెంట్లు చూసే టీమ్ ఉంటే, జీతం రెండు వేలు తగ్గినా సరే, అటు మారు. ఏడాది ఖర్చు జమ అయ్యేదాక కిస్తీల మీద బండి గిట్ల కొనకు. లీవు దొరికిన రోజు కోర్టుకొచ్చి వెనక బెంచీల కూసో, వాదనలు తర్వాత, ముందుగాల కేసు పిలవంగనే వకీళ్లు వాయిదా ఎట్ల అడుగుతరో చూడు. బేర్ యాక్ట్, అంటే ఉత్త చట్టం సెక్షన్లే ఉండే పుస్తకం, కొత్తది కొనుక్కో, 2024 జులై నుంచి ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది, పాతయి నా బీరువా నిండ ఉన్నయి.

మీ బాపుతోటి నేను మాట్లాడుత.

మీ పెద్దబాపు