గెలిచేవారికా, నచ్చినవారికా? మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. మొదటి ఓటు ఎవరికి వేయాలో తేలడం లేదన్నావు. నీకు నచ్చిన అభ్యర్థి గెలవడని ఊరంతా అంటోంది. గెలిచే ఇద్దరిలో ఒకరంటే నీకు భయం, ఇంకొకరి మీద గౌరవం లేదు. ఇది ఫోనులో తేలే సంగతి కాదు కనుక రాస్తున్నాను. టీచరుగా ఉన్నన్నాళ్లూ పోలింగు విధులు చేశాను, మన సోంపేట వైపు ఎన్నికలను దగ్గరగా చూశాను.

ముందు, ‘గెలవడు’ అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో కనుక్కో. నామినేషన్లు పడకముందే ఆ మాట వినిపిస్తే అది చాలాసార్లు ఎదుటివారి ప్రచారమే. అధికార పార్టీ అండ లేకపోతే మన వైపు గెలవలేరనీ అనుకోకు. 1967లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలో గెలిచిన ఎన్.జి. రంగా స్వతంత్ర పార్టీ వారు, పైగా గుంటూరు జిల్లా మనిషి. 1957లో విజయనగరం పి.వి.జి. రాజు విశాఖపట్నం నుంచి సోషలిస్టుగా లోక్‌సభకు వెళ్లారు. అయితే వాళ్ల వెనుక ఏముందో కూడా చూడాలి. రంగా వెంట రైతు ఉద్యమం ఉంది, మన ప్రాంతంలో రైతు నాయకుడు గౌతు లచ్చన్న ఉన్నారు. రాజుకు సంస్థానం పేరు ఉంది. నీకు నచ్చిన అభ్యర్థికి ఏముంది? ప్రతి పోలింగు కేంద్రంలో కూర్చోవడానికి ఒక ఏజెంటు దొరుకుతున్నాడా? గత అయిదేళ్లలో ఆ అభ్యర్థి మన ఊరికి వచ్చిన సందర్భం ఒక్కటైనా ఉందా? లేదంటే నీ అభిమానం వేరు, ఆ అభ్యర్థి బలం వేరు.

తరువాత, పోటీ ఎంత దగ్గరగా ఉందో చూడు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్ల తేడాతో. మన పద్ధతిలో సగం ఓట్లు రానక్కరలేదు, అందరికంటే ఒక్కటి ఎక్కువ వస్తే చాలు. పోటీ అంత బిగిసినప్పుడు, నువ్వు భయపడే మనిషి గెలవకుండా ఆపడమే నీ ఓటు చేయగల పెద్ద పని. మనస్సాక్షి ప్రకారం వేశానన్న తృప్తితో నువ్వు హైదరాబాదు వెళ్లిపోతావు. ఆ ఫలితాన్ని అయిదేళ్లు అనుభవించేది ఇక్కడ పింఛను కోసం నిలబడే ముసలమ్మ, బీల (చిత్తడి నేల) పక్కన పొలం ఉన్న రైతు. వాళ్లను లెక్కలోకి తీసుకోని సిద్ధాంతాన్ని నేను ఒప్పుకోను.

అలాగని, గెలిస్తే చాలని ఎవరికి పడితే వాళ్లకు వేయమనడం లేదు. కొన్ని గీతలు ముందే గీసుకో. అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ధర్నాలో పెట్టిన కేసునూ, ఆడవాళ్ల మీద దౌర్జన్యం చేసిన కేసునూ ఒకే గాటన కట్టకు. ఇద్దరూ నీ గీతకు అవతలే ఉంటే నచ్చిన అభ్యర్థికే వెయ్యి, డిపాజిట్ పోయినా సరే.

ఆ ఓటు ఎప్పుడూ వృథా కాదని మాత్రం మాట ఇవ్వలేను. 2009లో ప్రజారాజ్యం 18 అసెంబ్లీ స్థానాలు గెలిచింది, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మార్పు కోరి వేసినవాళ్ల గతి ఏమిటి? జనసేన 2019లో ఒక్క స్థానమే గెలిచింది, 2024లో పొత్తు పెట్టుకుని పోటీ చేసిన 21 అసెంబ్లీ స్థానాల్లోనూ గెలిచింది. ఆ పార్టీలు నీకు నచ్చాయా లేదా అన్నది పక్కన పెట్టు. ఓడినా అయిదేళ్లు నిలబడతారా అన్నది చూసి వెయ్యి.

2013 నుంచి నోటా ఉంది. దానికి ఎన్ని ఓట్లు వచ్చినా అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. నాకది ఇష్టం లేదు. పంచాయతీ ఎన్నికలకు ఇంత ఆలోచన అక్కరలేదు. అక్కడ పార్టీ గుర్తులు ఉండవు, మనుషులు తెలిసినవాళ్లు, మంచివారికి వెయ్యి.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకో. తక్కువ చెడ్డవారికి ఓటు వేసినంత మాత్రాన వాళ్లకు లొంగిపోయినట్టు కాదు. సోంపేట బీలలో థర్మల్ కేంద్రం వద్దన్న జనం మీద 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అయినా జనం వెనక్కు తగ్గలేదు, ఆ కేంద్రం రాలేదు. ఆ ఉద్యమంలో ఉన్నవాళ్లంతా ఒకే పార్టీకి ఓటు వేసినవాళ్లు కారు. గెలిపించిన మనిషినే మర్నాడు నిలదీసే హక్కు నీకుంది.

ఓటర్ల జాబితాలో నీ పేరుందో లేదో ఇప్పుడే చూసుకో, లేకపోతే ఫారం 6 పెట్టు. పోలింగుకు రెండు రోజుల ముందే రా. ముగ్గురి అఫిడవిట్లూ కలిసి చదువుదాం.

నీ అత్త