పాప రింగుల జుట్టు, అనంతపురం బోరు నీళ్లు: స్ట్రెయిటెనింగ్ చేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఎనిమిదేళ్ల పాప, స్ప్రింగుల్లాంటి బిగుతు రింగుల జుట్టు. పొద్దున స్కూలుకు రెండు జడలు వేసేసరికి ఇంట్లో ఏడుపులు. గుండు కొట్టిస్తే తిన్నగా వస్తుందని మీ అత్తగారు అంటున్నారు, స్ట్రెయిటెనింగ్ చేసేద్దామని పార్లరావిడ అంటోంది. వచ్చే నెల మీ మరిది పెళ్లి. కుంకుడుకాయ వాడొచ్చా అని కూడా అడిగారు.

గుండు వల్ల ఉపయోగం లేదు. స్ట్రెయిటెనింగ్ అసలే వద్దు. ఈ రెండిటికన్నా ముందు, ఆరిన జుట్టు మీద దువ్వెన పెట్టడం ఇవాళే ఆపేయండి. నా జుట్టూ అలాంటిదే, రెండో తరగతి చదివే నా కూతురిదీ అలాంటిదే. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మాది అనంతపురమే. చిన్నప్పుడు సోమవారం పొద్దున అంటే నాకు వణుకు. అమ్మ పై మెట్టు మీద కూర్చుని, నన్ను కింది మెట్టు మీద కూర్చోబెట్టి, భుజాలు రెండూ మోకాళ్ల మధ్య ఇరికించేది. ఆదివారం తలంటుకుని బాగా ఆరిపోయిన జుట్టు. దాని మీద సన్నపళ్ల దువ్వెన, పైనుంచి కిందికి. సగంలో ఇరుక్కునేది. అమ్మ లాగేది, నేను అరిచేదాన్ని. "ఇది జుట్టా, కంపా? తల వంచవే!" అని వీపు మీద ఒకటి పడేది. ఒకసారి విరిగిన దువ్వెన పన్ను జడలోనే ఉండిపోయి, లెక్కల క్లాసులో నోట్సు మీద రాలింది. పక్కన కూర్చున్న పిల్ల దాన్ని దాచుకుని వారం రోజులు అందరికీ చూపించింది. స్కూల్లో నా పేరు "బాబా". పుట్టపర్తి మాకు దగ్గరే, సత్యసాయి బాబా ఫొటో లేని అంగడి ఉండేది కాదు, కాబట్టి నా తలకు ఆ పేరు రాకుండా ఎలా ఉంటుంది? కొందరు దండం పెట్టి మరీ ఏడిపించేవాళ్లు.

మూడో తరగతి సెలవుల్లో మా అవ్వ కదిరి నరసింహస్వామికి మొక్కుకుని గుండు కొట్టించింది. కొత్త జుట్టు మొదట నిక్కబొడుచుకుని తిన్నగానే వచ్చింది. అవ్వ వీధంతా చెప్పుకుంది. రెండు వేళ్ల మందం పెరిగాక మళ్లీ చుట్టలు చుట్టుకుంది. అవ్వ స్వామి మీద అలిగింది గానీ, తప్పు స్వామిది కాదు. వెంట్రుక మొలిచే కుదురు చర్మం లోపల వంపు తిరిగి ఉంటుంది, అందుకే వెంట్రుక రింగులు తిరుగుతూ వస్తుంది. మంగలి కత్తి ఆ కుదురును ముట్టుకోదు కదా. మొక్కు ఉంటే తీర్చుకోండి, జుట్టు మారుతుందని మాత్రం కాదు.

ఇక స్ట్రెయిటెనింగ్. ఆ తప్పు నేనే చేశాను. పెళ్లికి ముందు ఒక పెద్ద పార్లర్లో ఐదు గంటలు కూర్చుని చేయించుకున్నాను. కళ్లు మండి నీళ్లు కారుతుంటే "అది మామూలే మేడం" అన్నారు. అది మామూలు కాదని తర్వాత తెలిసింది. తలకు పట్టించే కొన్ని కెరాటిన్ మందుల్ని వేడి ఇస్త్రీతో కాల్చినప్పుడు ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన విషపు ఆవిరి వస్తుంది. పెళ్లి ఫొటోల్లో జుట్టు పట్టుకుచ్చులా ఉంది, కాదనను. ఐదు నెలలకు నెత్తిన రెండంగుళాలు రింగులు, కింద తిన్నటి గడ్డి. జుట్టు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరుకు పైగా పెరుగుతుంది, ఆ పెరిగేదంతా మళ్లీ రింగులే. ఆ రెండూ కలిసే చోట వెంట్రుక పుటుక్కున తెగుతుంది. చివరికి ఆ గడ్డినంతా కత్తిరించేసి మూడంగుళాల జుట్టుతో తిరిగాను. ఆ పొట్టి జుట్టు చూసి "ఏ కొండకు మొక్కుకున్నావమ్మా?" అని అడిగినవాళ్లకు లెక్క లేదు. ఎనిమిదేళ్ల పిల్ల నెత్తి చర్మం మీద ఆ మందులు పెట్టించకండి, ఎవరెంత చెప్పినా.

ఆ పొట్టి జుట్టు రోజుల్లోనే నేను ఫోన్లో నల్లజాతి ఆడవాళ్ల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. అమెరికావాళ్లు, నైజీరియావాళ్లు. వాళ్ల జుట్టు మనకంటే ఇంకా బిగుతు. మన పార్లరావిడకు తెలియనిదంతా వాళ్ల అమ్మమ్మలకు తెలుసు. అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీకి జుట్టు చేసిన ఆండ్రే వాకర్ అనే ఆయన జుట్టును ఒకటి నుంచి నాలుగు రకాలుగా విడగొట్టాడు: తిన్ననిది, అలలు, రింగులు, బిగుతు చుట్టలు. మీ పాపది మూడో రకానికీ నాలుగో రకానికీ మధ్యలో ఉన్నట్టుంది. ఆ నంబరు పట్టుకుని బుర్ర పాడు చేసుకోవద్దు, వెతికేటప్పుడు పనికొస్తుంది, అంతే. వాళ్ల దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం: ఈ జుట్టుకు కావాల్సింది ముందు నీళ్లు, తర్వాత నూనె. మనింట్లో అది తలకిందులు. నెత్తిలో ఊరే జిడ్డు తిన్నటి జుట్టులో కొసదాకా జారిపోతుంది. రింగుల జుట్టులో అది ఘాట్ రోడ్డు ఎక్కినట్టు ప్రతి మలుపులో ఆగుతుంది. అందుకే నెత్తి జిడ్డు, కొసలు ఎండుగడ్డి. ఎండిపోయిన దాని మీద ఆముదం కుమ్మరిస్తే తడి లోపలికి పోదు. ఆషాఢం గాలికి లేచే మన దుమ్మంతా మాత్రం వచ్చి అతుక్కుంటుంది.

"నీళ్లు" అని తేలిగ్గా అనేశాను గానీ అనంతపురంలో అసలు కథ అక్కడే ఉంది. మీ ఇంట్లో నీళ్లు కాచే రాడ్డు ఉంటే ఒకసారి బయటికి తీసి చూడండి. తెల్లగా సున్నం కొట్టినట్టు పెచ్చు కట్టి ఉంటుంది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం అది. అదే జుట్టుకూ పడుతుంది. సబ్బుతో కలిస్తే ఇంకా జిగటగా తెట్టు కడుతుంది, కాబట్టి పాప తలకు సబ్బు ఎప్పుడూ వద్దు. నేను హైదరాబాద్‌లో రెండేళ్లు ఉన్నప్పుడు అదే షాంపూ, అదే జుట్టు, చక్కగా ఉండేది. ఇక్కడికి రాగానే పీచు. చాలాకాలం నా వయసే కారణం అనుకున్నాను!

ఇప్పుడు మా ఇంట్లో చేసేది చాలా చిన్న పని. తలంతా బోరు నీళ్లతోనే కడుగుతాను, చివరి రెండు చెంబులు మాత్రం మంచినీళ్లు. మా పుట్టింటి ఊళ్లో అయితే సత్యసాయి నీళ్లు. 1990ల మధ్యలో జిల్లాలో 700కు పైగా ఊళ్లకు తాగునీళ్లిచ్చిన పథకం అది, జనం ఇప్పటికీ కుళాయిని ఆ పేరుతోనే పిలుస్తారు. చిన్నప్పుడు నన్ను "బాబా" అని ఏడిపించిన జుట్టు చివరికి ఆ నీళ్లకే లొంగింది చూడండి. టౌన్‌లో ఉంటే ఇరవై లీటర్ల క్యాన్‌లోంచి రెండు లీటర్లు పక్కన పెట్టుకోండి. నెలకోసారి లీటరు నీళ్లలో ఒక టీస్పూను నిమ్మరసం కలిపి పోసి, రెండు నిమిషాలాగి మామూలు మంచినీళ్లతో కడిగేయండి. సున్నం పెచ్చు పులుపుకు కరుగుతుంది. నెత్తిన పుళ్లు, గీతలు ఉంటే మాత్రం వద్దు, మంటకు పాప మళ్లీ దగ్గరికి రాదు.

కుంకుడుకాయ అడిగారు. మంచిదే, ఉప్పునీళ్లలో కూడా సబ్బులా తెట్టు కట్టదు. కానీ జిడ్డంతా ఊడ్చేస్తుంది. రెండు మూడు వారాలకోసారి, పలచగా చేసి, నెత్తి చర్మానికి మాత్రమే. మిగతా వారాల్లో తక్కువ నురగ వచ్చే షాంపూ కొంచెం, కండిషనర్ ధారాళంగా. వారానికి ఒక్కసారి తలస్నానం చాలు.

చిక్కు తీయడం మాత్రం స్నానంలోనే, జుట్టు తడిసి కండిషనర్‌తో జారుతున్నప్పుడే. ఇది ఒక్కటి సరిగ్గా చేస్తే మీ ఇంట్లో ఏడుపు సగం తగ్గుతుంది. తలను నాలుగు భాగాలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టండి. నాలుగోదాన్ని గుప్పిట్లో పట్టుకోండి, చిక్కుకు పైన, వేళ్లు గట్టిగా బిగించి. అప్పుడు కింద ఎంత లాగినా ఆ లాగుడు మీ వేళ్ల దగ్గరే ఆగిపోతుంది, నెత్తిదాకా పోదు. ముందు వేళ్లతో, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో, కొసల్లో రెండంగుళాలు. అది వదిలాక ఇంకాస్త పైకి. మా అమ్మ పైనుంచి కిందికి దువ్వి చిక్కులన్నీ ఒకచోటికి తోసి ముడి బిగించేది, పాపం ఆమెకు ఎవరు చెప్పారు గనక. మొదటిసారి మా పాపకు ఇలా తీసినప్పుడు ముప్పావుగంట పట్టింది. సగంలో అది నా ఒళ్లో నిద్రపోయింది. జుట్టు పట్టుకుంటే నిద్రపోయిన పిల్లను మా వంశంలో అదే చూడటం.

కండిషనర్‌కు అంత డబ్బెందుకు అనిపిస్తే మందారాకు ఉంది. రెండు గుప్పెళ్ల ఆకులు నీళ్లలో నానబెట్టి పిసికితే ఆకుపచ్చ జిగురు దిగుతుంది. గుడ్డలో వడకట్టి పట్టించండి, వడకట్టకపోతే ఆకు తునకలు మూడు రోజులు ఏరుకుంటూ కూర్చోవాలి. అరటిపండు జోలికి మాత్రం పోకండి. ఎవరో చెప్పారని ఒకసారి పెట్టాను. ఆరాక తలలో అటుకులు పోసినట్టు.

కడిగాక తువ్వాలుతో కొట్టి దులపొద్దు. పాత పంచె ముక్కతోనో కాటన్ టీషర్టుతోనో ఒత్తితే చాలు. నీళ్లు బొట్లు బొట్లుగా కారడం ఆగాక, ఇంకా తడిగానే ఉన్నప్పుడు, అవిసె గింజల జిగురు పూస్తాను. రెండు చెంచాల గింజలు, రెండు గ్లాసుల నీళ్లు, సన్నని మంట. కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగగానే దించి వేడిగానే వడకట్టాలి, చల్లారితే దిగనే దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. అంగట్లో అడిగేటప్పుడు నూనె తీసే అవిసె గింజలు, ఫ్లాక్స్ సీడ్స్ అని చెప్పండి, అవిశాకు చెట్టు విత్తనాలు కావు ఇవి. ఆ జిగురు మీద నాలుగు చుక్కల కొబ్బరినూనె. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుంది. 2003లో సన్‌ఫ్లవర్, మినరల్ నూనెలతో పోల్చి పరీక్షించినప్పుడు ఆ పని చేసింది ఇదొక్కటే. ఆముదం కావాలంటే కొసలకు, వేలి చివర అంటినంత.

స్కూలు సంగతి. రోజూ విప్పి అల్లాల్సిన పనే లేదు. శనివారం సాయంత్రం తలస్నానం, ఆదివారం రాత్రి తడిచేత్తో వదులుగా రెండు జడలు. అవి బుధవారం దాకా ఉంటాయి. పొద్దున ముందుభాగం మీద నీళ్లు స్ప్రే చేసి అరచేత్తో సర్ది రిబ్బన్ కట్టేయడమే. బుధవారం రాత్రి మళ్లీ ఒకసారి. "నున్నగా ఉండాలి" అని టీచర్లు అంటే కణతల దగ్గర బిగించి లాగకండి. ఏళ్ల తరబడి అలా లాగితే అక్కడి జుట్టు వెనక్కి పోతుంది, కుదుళ్లు పాడైతే తిరిగి రాదు. మా పాప స్కూల్లోనూ పేచీ వచ్చింది. నేను డైరీలో రెండు లైన్లు రాసి, ఒకరోజు టీచర్ ముందే తడిజుట్టు, ఆరిన జుట్టు చూపించాను. తడిగా ఉన్నప్పుడు నడుము దాకా సాగే పాయ, ఆరగానే భుజం మీదికి ముడుచుకుంది. ఆవిడ నవ్వేసి వదిలేశారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో ఇలాంటి జుట్టు పేరుతో బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపొద్దని చట్టమే చేయాల్సి వచ్చింది. మనకు డైరీతో సరిపోయింది.

రాత్రి దిండు కూడా చూసుకోండి. నూలు గలేబు తడిని పీల్చి, రాసుకుని చిక్కు వేస్తుంది. మా అత్తగారి పాత ధర్మవరం పట్టుచీర జరీ లేని చోట కత్తిరించి గలేబు కుట్టించాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మీరు మ్యాచింగ్ సెంటర్లో శాటిన్ లైనింగ్ గుడ్డ మీటరు తెచ్చుకోండి, గొడవ ఉండదు.

ఇవన్నీ చేసినా మొదటి నెల పెద్ద తేడా కనిపించకపోవచ్చు. సున్నం వదలాలి, విరిగిన కొసలు కత్తిరించాలి, పాపకు దువ్వెన భయం పోవాలి. అన్నిటికన్నా ఆ భయమే ఆలస్యంగా పోతుంది.

మీ మరిది పెళ్లికి: ముందురోజు తలంటి, తడిమీదే పది పన్నెండు సన్నటి పాయలుగా మెలితిప్పి పడుకోబెట్టండి. పొద్దున పూర్తిగా ఆరాకే, చేతికి చుక్క నూనె రాసుకుని విప్పండి. దువ్వెన వద్దు. పూలకు పిన్నులు కూడా అక్కర్లేదు, మొన్న మా తమ్ముడి పెళ్లిలో మా పాప తలలో కనకాంబరాల దండ ఊరికే దోపితే అప్పగింతల దాకా కదల్లేదు. పక్కింటి పిల్లల పూలన్నీ భోజనాల దగ్గరే రాలిపోయాయి.