‘కానీ’ తర్వాతి సగం

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో ఫోన్ మీద, రెండోసారి ఇంట్లో ప్రింటు తీసి ఎర్ర పెన్ను పట్టుకుని. ‘మేడం గారూ’ అని మొదలుపెట్టావు చూడు, అది వద్దు. అక్కా అను, చాలు. మన శ్రీకాకుళం వాళ్లం ఒకరినొకరం మేడం అనుకునేదాకా రాలేదు ఇంకా.

సైన్సు రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నావు. నువ్వు మొదలుపెట్టేశావుగా. పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బును ఒకవైపు స్కానింగులతో, ఇంకోవైపు ల్యాబులో పెంచిన కణాలతో ఎలా చదువుతున్నారో రాయబోయావు. మంచి విషయం ఎంచుకున్నావు. చిక్కంతా మొదటి పేరాలోనే వచ్చింది. ఉద్దానం, మన జిల్లాలో కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ప్రాంతం.

ఎందుకు రాశావో నాకు తెలుసు. కవిటి, కంచిలి, సోంపేట వైపు పుట్టినవాడికి కిడ్నీ అన్న మాట వింటే ఇంకేం గుర్తొస్తుంది? అయినా ఆ పేరా తీసెయ్యి. నువ్వు రాస్తున్న జబ్బులో కిడ్నీ నీటితిత్తులతో నిండి ఉబ్బిపోతుంది. ఉద్దానం జబ్బులో కిడ్నీ చిక్కిపోతుంది. మొదటిదాని జన్యువులు దొరికాయి: పీకేడీ1 1994లో, పీకేడీ2 1996లో. రెండోదానికి ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. రెంటినీ ఒకే పేరాలో కట్టేస్తే మీ ఊళ్లో ఎవరో ఒకరు ‘ఓహో, మనది వంశంలోంచి వచ్చే జబ్బన్నమాట’ అనేస్తారు. ఆ మాట కుదిరిన సంబంధాన్ని చెడగొట్టగలదు. ఉద్దానం గురించి విడిగా రాయి. దానికి ఒక వ్యాసం కాదు, పది కావాలి.

వంశం అన్నాం కాబట్టి ఇంకోటి. ‘తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో సగం మందికి వస్తుంది’ అని రాశావు. నలుగురు పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లిద్దరికీ వచ్చిందనుకో, చిన్నవాళ్లు మనం బయటపడ్డాం అనుకుంటారు. అలా కాదు. ప్రతి బిడ్డకూ మళ్లీ కొత్తగా బొమ్మా బొరుసే. ఆ ఒక్క వాక్యం మార్చు.

‘గడ్డలు’ అన్న మాట కూడా మార్చు. మన జనానికి గడ్డ అంటే క్యాన్సరే. ‘నీటితిత్తులు’ అంటే సరిపోతుంది. ‘తిత్తిలో ఉండేది నీరు, కండ కాదు’ అని ఒకసారి చెబితే చాలు. అలాగే యాభై దాటినవాళ్లకు స్కానింగ్‌లో ఒకటి రెండు మామూలు తిత్తులు కనిపించడం సర్వసాధారణమనీ, అవి ఈ జబ్బు కాదనీ తప్పకుండా రాయి. లేకపోతే నీ వ్యాసం వచ్చిన మర్నాడు సగం మంది పాత రిపోర్టులు బయటకు తీస్తారు. అండాశయాల్లో వచ్చే పీసీఓడీతో దీనికి సంబంధం లేదని కూడా ఒక ముక్క వెయ్యి. పేర్లు దగ్గరగా ఉన్నాయి, ఆడపిల్లలు హడలిపోతారు.

ఇక అసలు సంగతి. నీ వ్యాసంలో స్కానింగ్ అనేది జబ్బును ‘చూపించే’ పనే చేస్తోంది. ఈ జబ్బులో స్కానింగ్ పని అంతకంటే పెద్దది. ఎందుకో నువ్వు చెప్పలేదు. పాఠకుడు అడిగే ప్రశ్న ఇది: కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఉండగా ఇంత ఖర్చుపెట్టి ఎంఆర్ఐ ఎందుకు?

ఎందుకంటే క్రియాటినిన్ ఇక్కడ చాలా ఆలస్యంగా నోరు విప్పుతుంది. ఒక్కో కిడ్నీలో వడపోత గొట్టాలు సుమారు పది లక్షలు. వాటిలో తిత్తులుగా మారేవి వందకు ఒకటో రెండో. అవే ఉబ్బి పక్కవాటిని నలిపేస్తాయి. మిగిలినవి మాత్రం పని పంచుకుని, ఉమ్మడి కుటుంబంలో ఒకరు మంచాన పడితే మిగతావాళ్లు చేసినట్టు, ఇంకాస్త ఎక్కువ చేస్తాయి. ఏళ్ల తరబడి రక్తపరీక్ష నార్మల్ అనే వస్తుంది. అంకె పెరిగేసరికి లోపల సగానికి పైగా పోయి ఉంటుంది. అన్నేళ్లూ మారుతూ కనిపించేది ఒకటే, కిడ్నీ సైజు.

దీన్ని గట్టిగా నిలబెట్టింది అమెరికాలో క్రిస్ప్ అనే అధ్యయనం. 15 నుంచి 46 ఏళ్ల మధ్య వయసున్న 241 మందికి ఏడాదికొకసారి ఎంఆర్ఐ తీస్తూ వచ్చారు. 2006లో ఫలితం అచ్చయింది: కిడ్నీల మొత్తం పరిమాణం సగటున ఏడాదికి 5.27 శాతం పెరుగుతోంది. పదమూడు పద్నాలుగేళ్లలో రెట్టింపన్నమాట. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ కొలతను, జబ్బు త్వరగా ముదిరే అవకాశమున్నవాళ్లను మందుల పరీక్షలకు ఎంచుకోవడానికి వాడొచ్చని ఒప్పుకుంది.

ఈ అంకె ఎలా పుడుతుందో నువ్వు ఒక్కసారైనా కళ్లారా చూడాలి. నేనొకసారి రేడియాలజీ గదిలో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. మూడు మిల్లీమీటర్ల మందాన కోసిన ముక్కల్లా ఒక్కో బొమ్మ తెర మీదికి వస్తుంది. అక్కడ పనిచేసే ఒక అమ్మాయి మౌస్ పట్టుకుని కిడ్నీ అంచు చుట్టూ గీత గీస్తుంది. ఒక ముక్క, తర్వాతి ముక్క, ఆ తర్వాతిది. గీత లోపలి వైశాల్యాన్ని మందంతో గుణించి అన్నీ కూడితే పరిమాణం. కుడివైపు పైముక్కలు వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఈ జబ్బులో కాలేయంలో కూడా తిత్తులొస్తాయి. కిడ్నీ తిత్తికి ఆనుకుని కాలేయం తిత్తి, రెండూ ఒకేలా గుండ్రంగా, మధ్యలో వెంట్రుకంత గోడ. గీత ఎటు పోవాలి? ఆ అమ్మాయి ముందు ముక్కకు వెళ్లి, వెనక ముక్కకు వచ్చి, చివరికి ఒకవైపు గీసింది. ‘రేపు ఇదే పేషెంటుది మళ్లీ గీస్తే ఇంతే వస్తుందా?’ అంటే నవ్వి, ‘దగ్గర్లో వస్తుందండీ’ అంది. ఇప్పుడు కంప్యూటర్లే ఈ గీతలు గీస్తున్నాయి గానీ, వాటికి నేర్పింది ఇలాంటి చేతులే. 5.27 అని రెండు దశాంశాలు రాసేటప్పుడు నాకు ఆ ఆగిన చెయ్యి గుర్తొస్తుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

2010. ఎవరోలిమస్ అనే మందు మీద పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. మార్పిడి చేసిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందు అది. తిత్తుల గోడ కణాల్లో ఎంటార్ అనే మార్గం అతిగా పనిచేస్తోందని ల్యాబుల్లో గమనించారు, దాన్ని ఆపితే ఎలుకల్లో తిత్తులు తగ్గాయి. ఇక మనుషుల్లో, 433 మందిలో చూశారు. మొదటి ఏడాది మందు లేనివాళ్ల కిడ్నీలు 157 మిల్లీలీటర్లు పెరిగితే, మందు తీసుకున్నవాళ్లవి 102 మాత్రమే పెరిగాయి. మా పత్రిక పేజీ రాత్రి ఎనిమిదికి వెళ్లిపోవాలి, అప్పటికి ఏడున్నర. ‘కిడ్నీ తిత్తులకు కళ్లెం’ అని శీర్షిక పెట్టి పంపేశాను.

నాలుగో రోజు ఒకాయన ఫోన్ చేశాడు. బస్సు కండక్టరు. వాళ్లమ్మ డయాలసిస్ మీద పోయింది, ఈయనకూ తిత్తులున్నాయి. ఆవేశం ఏమీ లేదు గొంతులో. ‘అమ్మా, సైజు పెరగడం తగ్గుద్దన్నారు బాగుంది. డయాలసిస్ కూడా తప్పుద్దా?’ అన్నాడు. ఫోన్ చెవిన ఉండగానే ఆ పరీక్ష ఫలితం అచ్చయిన పరిశోధన పత్రం మళ్లీ తెరిచాను. ముగింపు వాక్యం ఒక్కటే. మొదటి సగం, పరిమాణం పెరుగుదల నెమ్మదించింది. తర్వాత ‘కానీ’. రెండో సగం, కిడ్నీ పనితీరు క్షీణించడం మాత్రం ఆగలేదు. నేను ‘కానీ’ దగ్గరే ఆపేసి వ్యాసం రాశాను. ఆయనకు ‘లేదండీ’ అని చెప్పాల్సి వచ్చింది. ‘సరేనమ్మా’ అని పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

బొమ్మ మెరుగైంది, మనిషి మెరుగవలేదు. ఇది ఎవరో మోసం చేసిన కథ కాదు, ఆ డాక్టర్లు రెండు సగాలూ నిజాయితీగా రాశారు. అక్కడిదాకా చదవనిది నేను.

నీ వ్యాసం రెండో భాగానికి, కణాల దగ్గరికి, వద్దాం. అక్కడ నీకు బలం ఉంది, బయోటెక్నాలజీ చదివావు, సెల్ కల్చర్ చేతులతో చేశావు. మరి ఆ చేతులేవీ వ్యాసంలో ఎందుకు లేవు? ‘నియంత్రిత పరిస్థితుల్లో కణాలను వర్ధనం చేస్తారు’ అట. ఇది ఎవరి భాష? ఇంక్యుబేటర్ తలుపు తీస్తే మొహానికి తగిలే 37 డిగ్రీల తడి వేడి గురించి చెప్పు. ఫ్లాస్కులో పల్చటి రోజ్‌మిల్క్ రంగు ద్రవం, కణాలు తిని వదిలిన ఆమ్లంతో అది పసుపు తిరగడం, ఆదివారం పూట కూడా వెళ్లి ఆ ద్రవాన్ని, అదే మీడియాను, మార్చి రావడం. మా పాఠకులు పశువుల్ని పెంచినవాళ్లు. మేత వేళకు పడకపోతే ఏమవుతుందో వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

మైక్రోస్కోపు బొమ్మల కింద రంగుల గురించి ఒక ముక్క రాయి. కేంద్రకం నీలంగా, ఇంకోటి ఆకుపచ్చగా మెరిసేది మనం రంగు అంటించడం వల్ల. కణానికి ఆ రంగులుండవు. చాలామంది ఉంటాయనే అనుకుంటున్నారు.

కణాలు చెప్పిన కథలో నాకు బాగా నచ్చే ఘట్టం ఒకటుంది, నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే పదార్థం ఉంది. మామూలు కిడ్నీ కణానికి ఈ కబురు అందితే సంఖ్య పెంచుకోదు. తిత్తిలోంచి తీసిన కణానికి అదే కబురు అందితే విడిపోయి పెరగడం మొదలుపెడుతుంది. ఒకే మాటకు ఇద్దరి ప్రవర్తన తలకిందులు. డిష్‌లో పక్కపక్కన పెట్టి చూడబట్టే ఇది బయటపడింది, ఏ స్కానింగూ చూపించలేదు. కిడ్నీలో ఈ కబురును రేపేది వాసోప్రెసిన్ హార్మోను. దాని తలుపు మూస్తే? 2003లో ఎలుకల్లో తిత్తులు తగ్గాయి. 2012లో టోల్వాప్టాన్ అనే మందుతో 1445 మందిలో మూడేళ్ల పరీక్ష: ఏడాదికి 5.5 శాతం పెరగాల్సిన పరిమాణం 2.8 శాతమే పెరిగింది. ఈసారి పనితీరు తగ్గడం కూడా నెమ్మదించింది.

ఇక్కడ కూడా రెండో సగం ఉంది. వాసోప్రెసిన్ పని ఒంట్లో నీరు నిలపడం. దాన్ని ఆపితే రోజంతా దాహం, రోజుకు లీటర్లకు లీటర్లు మూత్రం. కొందరికి కాలేయం మీద దెబ్బ, అందుకే తరచూ రక్తపరీక్షలు. డిష్‌లోని కణానికి దాహం వెయ్యదు, రాత్రి నాలుగుసార్లు లేవాల్సిన పని లేదు. మన ఊళ్లో దొడ్డి ఇంటికి యాభై గజాల దూరంలో ఉన్న ముసలాయనకు ఉంటుంది. అది రాయగలిగేది నువ్వు.

ఆర్గనాయిడ్‌ల దగ్గర, అంటే మూలకణాల నుంచి ల్యాబులో పెంచే అవయవం లాంటి చిన్న ముద్దల దగ్గర, ‘మినీ కిడ్నీ’ అని శీర్షిక పెట్టావు. మార్చు. 2006లో ఎలుకల్లో, 2007లో మనుషుల్లో జపాన్ శాస్త్రవేత్త యమనాకా మామూలు చర్మకణాలను మూలకణాలుగా వెనక్కి తిప్పడం చూపించాక ఈ దారి తెరుచుకుంది. 2015లో అలాంటి కణాల్లో పీకేడీ జన్యువులను కత్తిరించి కిడ్నీ ఆర్గనాయిడ్‌లు పెంచితే వాటిలో తిత్తులు వచ్చాయి. 2017లో తేలిందేమిటంటే, వాటిని డిష్ అడుగుకు అంటుకోనివ్వకుండా ద్రవంలో తేలనిస్తే తిత్తులు జోరుగా పెరిగి సెంటీమీటరు దాకా వచ్చాయి. అంటే తిత్తి పెరగాలా వద్దా అన్నది జన్యువు ఒక్కటే కాదు, చుట్టూ ఏం పట్టుకుని ఉందో అది కూడా నిర్ణయిస్తోంది. అద్భుతమైన సంగతి. అయినా అది గర్భంలో ఉన్న పిండం కిడ్నీని పోలిన మెత్తటి ముద్ద. దాంట్లో రక్తం పారదు, మూత్రం బయటకు పోయే దారి లేదు, నలభై ఏళ్ల బీపీ దాని మీద పడలేదు. ‘మినీ కిడ్నీ’ అంటే మా కండక్టరు లాంటివాడు మార్పిడికి పనికొస్తుందా అని అడుగుతాడు.

చివరగా ఒక్కటి. నీ మొదటి ప్రతిలో ఎండీసీకే కణాల గురించి రాసి, తర్వాత అడ్డంగా కొట్టేశావు. ప్రింటులో గీత కింద కనబడుతూనే ఉంది. 1958లో మాడిన్, డార్బీ ఒక కాకర్ స్పానియల్ ఆడకుక్క కిడ్నీ నుంచి తీసిన కణాలవి. జిగురులాంటి కొల్లాజెన్‌లో పెడితే వాటంతట అవే గుండ్రటి తిత్తులు కట్టేవి. తిత్తి ఎలా పుడుతుందో తొలిరోజుల్లో చాలామంది వాటిలోనే చూశారు. మనుషుల జబ్బు గురించి రాస్తూ కుక్క ఊసు బాగుండదని తీసేసి ఉంటావు. తిరిగి పెట్టు. మూడో పేరాలో, ఇంక్యుబేటర్ తర్వాత. మారిన ప్రతి శుక్రవారంలోగా పంపు, శనివారం నేను పలాస వెళ్తున్నాను, రైల్లో చదువుతాను.

ఇట్లు,
అక్క