పని పోయాక వచ్చే సర్కారు సాయంలో యూనియన్‌కు ఏం పని?

"చందా కట్టినా కట్టకపోయినా పని పోతే సర్కారు ఇచ్చేది ఇస్తుంది కదా, మధ్యలో యూనియన్ ఎందుకు?" అని అడిగారు. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షా. బాపు (మా నాన్న), చిన్నాయన ఒకే ఫ్యాక్టరీలో చేసేవాళ్లు. బాపు పర్మినెంటు, చిన్నాయన ఠేకేదారు (కాంట్రాక్టరు) కింద. ఇద్దరి జీతంలోనూ ఈఎస్ఐ (కార్మికుల సర్కారు బీమా) కటింగు ఉండేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక నిరుద్యోగ భృతి వచ్చింది మాత్రం బాపుకే.

ఈఎస్ఐలో రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అనే భృతి పథకం 2005 నుంచి ఉంది. 2016లో మార్చిన లెక్క ప్రకారం మొదటి ఏడాది జీతంలో 50 శాతం, రెండో ఏడాది 25 శాతం. అయితే ఫ్యాక్టరీ మూతపడాలి, లేదా యాజమాన్యం మనుషుల్ని తగ్గించుకోవడానికి తీసేయాలి, లేదా పనిలో కాని దెబ్బతో శాశ్వత వైకల్యం రావాలి. తనంతట తాను మానేసినవాడికి పైసా రాదు. సరిగ్గా అక్కడే తిరకాసు పెట్టారు. "నా ఇష్టంతోనే మానేస్తున్నాను" అని సంతకం పెడితేనే హిసాబు (రావాల్సిన బాకీ డబ్బు) ఇస్తామన్నారు. యూనియన్‌వాళ్లు గేటు ముందు కూర్చుని పర్మినెంటోళ్లలో ఒక్కరినీ పెట్టనివ్వలేదు. లేబర్ ఆఫీసుకు పోయి, వాయిదాల మీద వాయిదాలు తిరిగి, చివరికి కారణం క్లోజర్ (ఫ్యాక్టరీ మూత) అనే రాయించారు. ఠేకావాళ్ల తరఫున అడిగేవాడు లేడు. చిన్నాయన సంతకం పెట్టి, నెల జీతం తీసుకుని ఇంటికొచ్చాడు.

ఇందులో మా యూనియన్ తప్పు కూడా ఉందంటాను. ఠేకావాళ్లను ఏనాడూ సభ్యులుగా చేర్చుకోలేదు, మన పనికి ఎసరు పెట్టేవాళ్లని చూసింది. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్‌లలో నిరుద్యోగ భృతి నిధులు చాలావరకు యూనియన్లతో ముడిపడినవే, అక్కడ ఎక్కువమంది యూనియన్ సభ్యులుగా ఉండటానికి అదొక కారణం. మన దగ్గర ఈఎస్ఐ కార్పొరేషన్‌లో కార్మికుల తరఫున పదిమందికి చోటుంది. ఢిల్లీలోని ఆ కుర్చీల సంగతి ఠేకా కూలీ దాకా రాదు.

కొంత నయం చేసింది ఈఎస్ఐలోనే వచ్చిన ఇంకో భృతి పథకం, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018లో 90 రోజులకు జీతంలో 25 శాతంతో మొదలై, కోవిడ్ కాలంలో 50 శాతమైంది. శాతం పెరగడం కన్నా నాకు నచ్చింది, యజమాని ద్వారా కాకుండా కార్మికుడే నేరుగా బ్రాంచి ఆఫీసులో క్లెయిము పెట్టుకునే వీలు. స్వచ్ఛందంగా మానేస్తే ఇదీ రాదు.

మీరూ ఠేకా మీదే ఉంటే, హిసాబు కాగితంలో ఏ కారణం రాశారో చదివించుకోనిదే సంతకం పెట్టకండి. ఈఎస్ఐ నంబరుకు ఆధార్, బ్యాంకు ఖాతా కలిశాయో లేదో పని ఉన్నప్పుడే చూసుకోండి.