పాత ట్రక్కు హీటరును మనమే బాగుచేసుకోవచ్చా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్నాను. సామాను తోలుకోవడానికి 1995 నాటి పికప్ ట్రక్కు ఒకటి కొన్నాను. చలికాలం మొదలైనప్పటి నుంచి దాని హీటరు గోరువెచ్చని గాలి తప్ప ఇవ్వడం లేదు. ఊళ్లో తిరిగేటప్పుడు కాస్త నయమే గాని, హైవే ఎక్కగానే ఇంజను వేడిని చూపే ముల్లు కిందికి దిగిపోయి గాలి చల్లబడుతోంది. పైగా ఫ్యాను ఆఖరి నంబరు మీద తప్ప తిరగడం లేదు. హీటర్ కోర్ మార్చాలనీ, అందుకు డాష్‌బోర్డు విప్పాలనీ గ్యారేజీలో చెప్పి, ట్రక్కు కొన్న ధరలో సగం అడుగుతున్నారు. నా దగ్గరున్న పానాలతో నేనే చేసుకోగలిగినది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే డాష్‌బోర్డు జోలికి ఇప్పుడే వెళ్లనవసరం లేదు. మీ ట్రక్కులో రెండు వేర్వేరు లోపాలు ఉన్నట్టు కనిపిస్తోంది; రెండింటికీ కావలసిన భాగాలు ఖరీదైనవి కావు.

ట్రక్కు హీటరు తనంతట తాను వేడిని పుట్టించదు. ఇంజనును చల్లబరుస్తూ తిరిగే కూలెంట్‌లో కొంత భాగం రెండు రబ్బరు గొట్టాల గుండా క్యాబిన్‌లోని చిన్న రేడియేటర్‌కు, అంటే హీటర్ కోర్‌కు, వెళ్లి వస్తుంది. బ్లోయర్ అనే ఫ్యాను ఆ కోర్ మీదుగా గాలిని తోస్తుంది. వేడి గాలి ఎంత, చల్లగాలి ఎంత అన్నది మధ్యలోని ఒక రేకు తలుపు నిర్ణయిస్తుంది. కాబట్టి వేడి నీరు కోర్‌కు చేరడం లేదా, గాలి కోర్ మీదుగా పోవడం లేదా, గాలి కదలడమే లేదా అన్నది తేల్చుకోకుండా ఏ భాగం కొన్నా డబ్బు దండగే.

ముందుగా, ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి కూలెంట్ అంచు దాకా ఉందో లేదో చూడండి. పక్కన ఉన్న ప్లాస్టిక్ డబ్బా నిండుగా ఉన్నంత మాత్రాన రేడియేటర్ నిండుగా ఉన్నట్టు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. వేడి ఇంజను మీద మాత్రం ఆ మూతను ఎన్నడూ తిప్పకండి. సుమారు 15 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడిని పట్టి ఉంచే మూత కింద మామూలు నీరు కూడా 120 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఉంటుంది; మూత తెరిచిన క్షణంలో అది ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

తరువాత ఇంజనును పావుగంట నడిపి, ఫ్యానుకూ బెల్టులకూ చేతులూ దుస్తులూ దూరంగా ఉంచి, హీటర్ గొట్టాలు రెండింటినీ ఒక్క క్షణం తాకి చూడండి. రెండూ కాలుతుంటే నీరు సరిగానే తిరుగుతోంది, లోపం రేకు తలుపులోనో దాన్ని కదిపే తీగలోనో ఉంది. ఒకటి కాలుతూ రెండవది చల్లగా ఉంటే కోర్‌లో మడ్డి పేరుకుంది, లేదా ఆ దారిలోని వాల్వు మూసుకుపోయింది. రెండూ గోరువెచ్చగానే ఉంటే కూలెంట్ తగ్గి ఉండాలి, లేదా థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఉండాలి. హైవే మీద ముల్లు దిగిపోతోందని మీరు రాసిన ఒక్క వాక్యం నన్ను థర్మోస్టాట్ వైపే నడిపిస్తోంది. వేడికి వ్యాకోచించే మైనంతో పనిచేసే ఈ చిన్న కవాటం ఇంజను వేడెక్కేదాకా మూసుకుని ఉండాలి. అలా మూసుకోకపోతే ఎదురుగాలి తగులుతున్న రేడియేటర్ గుండా కూలెంట్ అంతా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ఇంజను ఎప్పటికీ వేడెక్కదు. రేడియేటర్ ముందు అట్టముక్క పెట్టి నెట్టుకొచ్చేవారు ఉన్నారు. ఒక పూటకు అది అక్కరకు వస్తుందేమో గాని మరమ్మతు కాదు, ఎండకాసిన రోజున తీయడం మరిచిపోతే ఇంజనుకే ముప్పు.

థర్మోస్టాట్ మార్చడం ఒక మధ్యాహ్నం పని. ఇంజను చల్లారాక రేడియేటర్ అడుగున ఉన్న మరను వదులు చేసి కొంత కూలెంట్‌ను పాత్రలోకి దింపండి. రేడియేటర్ పై పెద్ద గొట్టం ఇంజనును కలిసేచోట సాధారణంగా రెండు బోల్టులతో ఒక మూత బిగించి ఉంటుంది. దాని కిందనే థర్మోస్టాట్ ఉంటుంది. పాత గాస్కెట్ (అతుకు కారకుండా మధ్యలో పెట్టే పలుచని పొర) ముక్కలను ఓపికగా గీకి శుభ్రం చేయండి, ఎందుకంటే మార్చిన తరువాత కారడానికి ముఖ్యమైన కారణం అక్కడ మిగిలిన చిన్న పెచ్చే. స్ప్రింగు ఉన్న వైపు ఇంజను లోపలికి ఉండాలి. గాలి పోయే చిన్న రంధ్రం ఉంటే అది పైకి రావాలి. ఆ మూత తరచు అల్యూమినియంతో చేసినది కాబట్టి బోల్టులను కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి. మీ ఇంజనుకు కంపెనీ చెప్పిన డిగ్రీలదే కొనండి; ఆ కాలపు అమెరికన్ ఇంజనుల్లో చాలావాటికి అది 195 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 90 సెల్సియస్. కొత్తదాన్ని నీళ్లలో వేలాడదీసి స్టవ్ మీద కాచి చూస్తే ఎప్పుడు తెరుచుకుంటుందో కళ్లారా చూడవచ్చు. కూలెంట్ తగిలిన పాతదాన్ని పరీక్షించిన గిన్నె మాత్రం మళ్లీ వంటింటికి రాకూడదు.

తిరిగి నింపేటప్పుడు యాంటీఫ్రీజ్ (నీరు గడ్డకట్టకుండా చూసే ద్రవం) సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలపండి. ఆ మిశ్రమం సున్నాకు దిగువన 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. మన ఊళ్లలో లారీ రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసి నడపడం చూసి పెరిగినవారికి ఇది వింతగా తోచవచ్చు గాని, గడ్డకట్టే నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి మిషిగన్ చలిలో ఒక్క రాత్రికే ఇంజను బ్లాకు పగలవచ్చు. నింపాక ట్రక్కు ముందుభాగం ఎత్తుగా ఉండేలా నిలిపి, రేడియేటర్ మూత తీసి ఉంచి, హీటరును పూర్తి వేడిమీద పెట్టి, బుడగలు ఆగేదాకా ఇంజనును ఆరుబయటే నడపండి. లోపల గాలి చిక్కుకుంటే కొత్త థర్మోస్టాట్ పెట్టినా హీటరు చల్లగానే ఉంటుంది.

ఫ్యాను ఆఖరి నంబరు మీదే తిరగడం బ్లోయర్ రెసిస్టర్ కాలిపోయిందని చెప్పే గుర్తు. తక్కువ వేగాలకు కరెంటు దాని గుండా వెళుతుంది. ఆఖరి వేగానికి నేరుగా మోటారుకు వెళుతుంది. అది బ్లోయర్ పక్కనే గాలి గొట్టంలో రెండు మూడు స్క్రూలతో బిగించి ఉంటుంది. మార్చేటప్పుడు దాని ప్లగ్గు కరిగి నల్లబడి ఉందేమో చూసి, ఉంటే అదీ మార్చండి. రెసిస్టర్‌ను తప్పించి తీగ కలపడం గాని, పెద్ద ఫ్యూజు వేయడం గాని చేయకండి. ట్రక్కు అంటుకునేది అలాగే.

ప్రశ్న: మా ట్రక్కులో ఒక గొట్టం కాలుతోంది, రెండవది చల్లగా ఉంది. కోర్‌ను మార్చకుండా కడగవచ్చా? – కెనడా నుంచి ఒక పాఠకురాలు.

జవాబు: వాల్వు తెరుచుకునే ఉందని తేలితే, తప్పకుండా ముందు కడిగే చూడండి. చల్లారిన ఇంజను నుంచి రెండు గొట్టాలనూ తీయాలి. అతుక్కుపోయిన గొట్టాన్ని మెలిపెట్టి లాగితే కోర్ మూతి చిరుగుతుంది, కాబట్టి దాన్ని కత్తితో నిలువునా చీల్చి కొత్త గొట్టం వేయడం మంచిది. కూలెంట్ బయటికి వెళ్లే మూతిలోకి తోట పైపుతో నీళ్లు ఎక్కించండి, కుళాయిని మాత్రం కొంచెమే తిప్పండి. ఇంటి నీటి పూర్తి ఒత్తిడిని పాత కోర్ తట్టుకోలేదు. ఎర్రటి మడ్డి తగ్గేదాకా అటూ ఇటూ మార్చి కడగండి. చివర మిగిలిన నీటిని నోటితో కాక చిన్న పంపుతో మెల్లగా ఊది బయటికి పంపండి. మామూలు నీరు అందులో మిగిలితే ఆ రాత్రే కోర్ చీలిపోతుంది. బయటికి వచ్చిన ద్రవాన్ని నేలమీద వదలకండి. యాంటీఫ్రీజ్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లలూ నాకుతారు, కొంచెమైనా ప్రాణాంతకం. డబ్బాలో పట్టి మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి.

ప్రశ్న: క్యాబిన్‌లో తియ్యని వాసన, అద్దం మీద జిడ్డు పొర, కాలికింద తడి. లీకు ఆపే ద్రావణం పోస్తే సరిపోతుందా?

జవాబు: ఇవి కోర్ కారుతోందనడానికి గుర్తులు. ఆ ద్రావణం చిల్లును పూడ్చే గుణంతోనే కోర్‌లోని సన్నని దారులనూ పూడ్చవచ్చు కాబట్టి నేను సలహా ఇవ్వను. రెండు గొట్టాలనూ ఒక పైపుముక్కతో కలిపి కోర్‌ను తప్పిస్తే ట్రక్కు నడుస్తుంది గాని, అద్దం మీది మంచు కరగదు. చలికాలంలో అలా నడపడం ప్రమాదం. డాష్‌బోర్డు విప్పడానికి ఒప్పుకునే ముందు మీ మోడల్ మరమ్మతు పుస్తకం చూడండి. ఉదాహరణకు 1987–96 నాటి ఫోర్డ్ ఎఫ్-150లో గ్లవ్ బాక్సు తీస్తే చాలు, దాని వెనుక కోర్ మూత కనబడుతుంది.