గ్రూప్ ఫోటోలో రెప్పల లెక్క

ప్రశ్న: పదో తరగతి కలిసి చదివిన 18 మందిమి చాలా ఏళ్లకు కలుసుకున్నాం. ఎన్ని ఫోటోలు దిగినా ఒక్కోదాంట్లో ఎవరో ఒకరు కళ్లు మూసుకునే ఉన్నారు. అసలు ఎన్ని తీస్తే ఒకటి బాగా వస్తుందో లెక్కేమైనా ఉందాండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిక్షేపంగా ఉందమ్మా! ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అచ్చం మీ ప్రశ్నకే లెక్క కట్టారు. 2006లో వాళ్లకు గణితంలో ఇగ్ నోబెల్ వచ్చింది. ముందు నవ్వించి, ఆనక ఆలోచనలో పడేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది.

ఫోటోకి నిలబడ్డ మనిషి నిమిషానికి పదిసార్లు రెప్ప వేస్తాడనీ, వేసినప్పుడల్లా పావు సెకను కళ్లు మూతపడతాయనీ వాళ్లు తీసుకున్నారు. అంటే నిమిషంలో రెండున్నర సెకన్లు. ఒక్కరినే తీస్తే నూటికి 96 సార్లు కళ్లు తెరిచే ఉంటాయి. పక్కన ఇంకొకరు చేరితే ఆ 96 శాతంలో మళ్లీ 96 శాతం. ఇలా గుణించుకుంటూ 18 మంది దాకా వెళ్లండి, అందరి కళ్లూ తెరిచి ఉండే అవకాశం సగానికి కాస్త తక్కువ! సంభావ్యత పాఠానికి నాణేలు, పాచికల కన్నా ఇదే మంచి ఉదాహరణ అని నా నమ్మకం. లెక్కల టీచర్లెవరైనా ఇది చదువుతుంటే క్లాసులో తప్పకుండా చేయించండి.

వాళ్లిచ్చిన సూత్రం తేలికే. 20 మందిలోపు అయితే, వెలుతురు బాగున్నప్పుడు మనుషుల సంఖ్యను 3తో, లేనప్పుడు 2తో భాగించాలి. మీకు పగలు ఆరుబయట ఆరు ఫోటోలు, మసక వెలుతురు హాల్లో తొమ్మిది. వెలుతురు తగ్గితే షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది, ఆలోగా ఎవరో రెప్ప వేసేస్తారు.

ఒక్క జాగ్రత్త. ఫోన్ బటన్ నొక్కిపట్టి టకటకా పది తీస్తే పది ఫోటోలు తీసినట్టు కాదు. సెకనుకు పది చొప్పున పడుతుంటే ఒకే రెప్పపాటులో రెండు మూడు పోతాయి. ఫోటోకీ ఫోటోకీ మధ్య రెండు సెకన్లు ఆగమనండి.

ఈసారి పిల్లాపాపలతో 50 మంది అయితే మాత్రం ఎనిమిది తొమ్మిది ఫోటోలకు ఒకటి బాగా రావడమే గగనం. రెండు మూడు జట్లుగా నిలబడి తీయించుకోండి.